జాబితాలో కొట్టేసిన పేర్లు

మా చెల్లెలి కూతురు ఇంటర్ పూర్తిచేసి ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష రాసింది. ర్యాంకు మరీ గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీల జాబితా తయారుచెయ్యడానికి రమ్మని రాజమండ్రి నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని, ఇంజనీరింగ్ గురించి నాకేం తెలుసు అంటే, "నీకు పాత కాగితాలు చూడటం అలవాటే కదక్కా" అంది.

నిజానికి అది కష్టమైన పనేం కాదు. కిందటేడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో ఆఖరి సీటు ఎన్నో ర్యాంకుకి దొరికిందో కేటగిరీల వారీగా, అమ్మాయిలకీ అబ్బాయిలకీ విడివిడిగా దొరుకుతుంది. అందుతాయో లేదో తెలియనివి కొన్ని పైన, ర్యాంకుకి సరిపోయేవి మధ్యలో, తప్పకుండా వచ్చేవి కొన్ని కింద రాసుకోవాలి. మనం రాసిన వరసలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకి అందిన మొదటి సీటు ఇస్తారు. కాబట్టి పైన ఆశపడి రాసుకుంటే పోయేదేం లేదు. ఇష్టమైనదాన్ని కిందికి తోసేసినా, అసలు రాయకపోయినా నష్టం.

సాయంత్రానికి నలభై పేర్లు తేలాయి. పిల్ల కాగితం తీసుకుని చూసింది. అనంతపురం, కడప పేర్ల మీద నా ఎర్రగీతలున్నాయి. "పెద్దమ్మా, ఇవి కటాఫ్ చూసి కొట్టేశావా, దూరం చూసి కొట్టేశావా?" అనడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. స్థానికేతరులకి సీట్లు తక్కువే అయినా ఆ రెండు చోట్లా దాని ర్యాంకుకి అవకాశముంది. రాత్రంతా రైలు ప్రయాణం, తెలిసినవాళ్ళెవరూ లేరు అన్న ఆలోచన నా చేత గీత గీయించింది. 1984లో డిగ్రీకి హైదరాబాదు కోఠీ విమెన్స్ కాలేజీకి వెళ్తానంటే, "ఊళ్ళో కాలేజీ ఉండగా అంత దూరమెందుకమ్మా?" అని మా నాన్న ఎంతో ప్రేమగా అన్న మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఆ మాటనే నేను ఎర్రసిరాతో రాశాను.

ఆడపిల్ల ముందు కాలేజీల జాబితా అంటూ ఒకటి ఉండటం ఈ నేల మీద చాలా కొత్త సంగతి. రాజమండ్రి పక్కనే ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టింది 1874లో. అదే ఏడు పుట్టిన భండారు అచ్చమాంబకి బడి లేదు. నాగపూర్‌లో తన ఇంట్లో ఉండి చదువుకున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పుస్తకాలే ఆమెకి బడీ, కాలేజీ కూడా. ఆమె చరిత్ర రచయిత్రి అయింది ఆ పుస్తకాలతోనే. తమ్ముడు ఏం చదివితే అదే ఆమెకి అందే చదువు.

తర్వాతి తరానికి జాబితాలో ఒకటో రెండో పేర్లు వచ్చాయి. మద్రాసులో 1914లో, తర్వాత క్వీన్ మేరీస్ అన్న పేరు తెచ్చుకున్న మహిళా కళాశాల మొదలైంది. మరుసటి ఏడే విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ వచ్చింది. నిజాం రాజ్యంలో 1924లో నాంపల్లిలో మొదలైన మహిళా కళాశాల 1949లో కోఠీ రెసిడెన్సీ భవనానికి మారింది. నేను చేరాలనుకున్న కాలేజీ అదే. ఈ పేర్లు విని సంబరపడతాం. కానీ నెల్లూరులోనో కాకినాడలోనో ఉన్న ఆడపిల్లకి మద్రాసులో కాలేజీ ఉండటం ఒక్కటే సరిపోదు కదా. రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఆడవాళ్ళ ఉన్నత విద్య చరిత్రని మనం కాలేజీల చరిత్రగా రాసుకుంటూ వచ్చాం. దాన్ని హాస్టళ్ళ చరిత్రగా కూడా రాయాలి.

దుర్గాబాయినే చూడండి. 1909లో ఈ రాజమండ్రిలోనే పుట్టింది. జాతీయోద్యమంలో జైలుకి వెళ్ళింది. బయటికొచ్చాక బనారస్ విశ్వవిద్యాలయం నుంచి ప్రైవేటుగా మెట్రిక్ రాసింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోతే, ఆడపిల్లలకి హాస్టల్ లేదన్న అడ్డంకి వచ్చింది. ఆమె ఆ పేరు కొట్టేసుకుని ఇంటికి తిరిగి రాలేదు. చదువుకోవాలనుకునే అమ్మాయిల్ని పత్రికా ప్రకటనతో పోగుచేసి, వాళ్ళే ఒక హాస్టల్ పెట్టుకున్నారు. తర్వాత 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా తీసుకుంది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆ రాజ్యాంగ సభకి దారి ఆ హాస్టల్ గదిలోంచి కూడా పోయింది.

ఇంజనీరింగ్ సంగతి మరీ విచిత్రం. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టింది. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి వైధవ్యం, చేతిలో నెలల పాప. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదవాలనుకుంది. అది అప్పటిదాకా మగపిల్లల కాలేజీ. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అక్కడే ప్రొఫెసరు కావడంతో, ఆయన అధికారులతో మాట్లాడి అనుమతి సాధించాడు. హాస్టల్లో ఒంటరితనం బాధిస్తే, మరో ఇద్దరు అమ్మాయిలు, లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. డిగ్రీ పత్రాల మీద అచ్చయిన పుంలింగ పదాన్ని కొట్టేసి, స్త్రీలింగం చేత్తో రాయాల్సి వచ్చింది. ఆమె 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్ళింది.

ఈ కథని మనం విజయగాథగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. తండ్రి ఆ గేటు లోపల పనిచెయ్యకపోయి ఉంటే లలిత జాబితాలో ఆ కాలేజీ పేరే ఉండేది కాదేమో. అది పితృస్వామ్యం ఇచ్చిన మినహాయింపు. మరి లోపలికి వెళ్ళాక ఆమెని నిలబెట్టింది మాత్రం తండ్రి కాదు, పక్క గదిలోకి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు.

నేను గీత కొట్టిన అనంతపురం కాలేజీకి కూడా ఈ కథతో చుట్టరికముంది. 1946లో అది మొదలైంది గిండీ ఆవరణలోనే. రెండేళ్ళ తర్వాత అనంతపురం వెళ్ళింది.

ఇప్పుడు మన ఆడపిల్లలకి జాబితా పొడుగ్గానే ఉంది. వృత్తి విద్యా కళాశాలల్లో ముప్ఫైమూడు శాతం పైచిలుకు సీట్లు వాళ్ళకి కేటాయించారు. ఐఐటీల్లో చేరేవాళ్ళలో అమ్మాయిలు ఎనిమిది శాతం దగ్గరే ఆగిపోతే, 2018 నుంచి వాళ్ళకోసం అదనపు సీట్లు పెట్టి, 2020 నాటికి ఇరవై శాతానికి లక్ష్యం పెంచారు. కానీ సీటు కేటాయించడం ప్రభుత్వం పని, ఆ పేరు రాయడం ఇంటి పని. ఆ రాయడంలోనే కోత పడుతుంది. అబ్బాయి జాబితాలో "సేఫ్" కాలేజీ అంటే తప్పకుండా సీటొచ్చేది. అమ్మాయి జాబితాలో ఆ మాటకి అర్థం ఇంటికి దగ్గరగా ఉండి, ఆరింటికి గేటు వేసేది. మాట ఒకటే కాబట్టి తేడా పైకి కనపడదు. భయాన్ని ర్యాంకు లెక్కల్లో కలిపేసి, అంతా కటాఫ్ మీదకి తోసేస్తాం.

భయాలన్నీ వట్టివని నేననను. వేధింపులున్నాయి, రాగింగ్ ఉంది, హాస్టల్ ఖర్చుంది. అయితే అన్న చదువుకి అప్పు చేసి, చెల్లెలి చదువు దగ్గర ఖర్చు గుర్తుకు తెచ్చుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి. భయాన్ని దాచకుండా రాస్తే అది ప్రశ్న అవుతుంది. ప్రశ్నయితే ఎవరినైనా అడగొచ్చు.

అందుకని ఆ రాత్రి జాబితా మళ్ళీ మొదటినుంచీ రాశాం. ఒక గడిలో ఆఖరి ర్యాంకు, ఇంకో గడిలో మా భయం. అనంతపురం ఎదురుగా పిల్లే రాసింది: హాస్టల్లో మొదటి ఏడాదికి చోటుందా? గదికి ఎంతమంది? రైలు దిగాక ఎలా వెళ్ళాలి? అక్కడ చదివే సీనియర్ అమ్మాయిలు ఎవరైనా మాట్లాడతారా? ఈ ప్రశ్నల్నే ఇంటి దగ్గర కాలేజీలకి కూడా పెట్టింది. వాటిలో రెండింటికి మాకు జవాబు తెలియదని అప్పుడు తెలిసింది. దగ్గరగా ఉంది కాబట్టి క్షేమమేనని అనేసుకున్నాం, అంతే.

మా అమ్మ అంతసేపూ మంచం మీద కూర్చుని వింటోంది. "దాన్ని ఓసారి అక్కడికి తీసుకెళ్ళి చూపించండే, చూడకుండానే ఎందుకు కొట్టేస్తారు?" అంది. 1984లో ఈ మాట ఆవిడ నోట్లో ఉండే ఉంటుంది. అప్పుడు ఆవిడనెవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అనంతపురం పేరు మూడో వరసలోకి వచ్చింది. దాన్ని అక్కడ ఉంచాలా, కిందికి దించాలా అన్నది పిల్ల నిర్ణయించుకుంటుంది. వచ్చే ఆదివారం రాత్రి రైలుకి మా ఇద్దరికీ టికెట్లు తీశాను.