దోసిటిలోని చేప

మన పురాణాలలో చేపపిల్లను పెంచి పెద్దచేసిన మొదటివాడు సత్యవ్రతుడు. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న ఆ రాజు దోసిటిలోకి ఒక చిన్న చేపపిల్ల వచ్చింది. పెద్ద చేపలు తనను మింగకుండా కాపాడమని వేడుకొన్నది. రాజు దానిని కమండలంలో ఉంచాడు. అది చాలకపోతే పెద్ద పాత్రలోను, ఆపైన కొలనులోను, మడుగులోను ఉంచి చివరకు సముద్రంలో విడిచాడు. భక్తులకు ఇది భగవల్లీల. చేపపిల్లల హేచరీలో పనిచేసేవారికి మాత్రం ఇది తమ దినచర్య వలెనే తోస్తుంది. చిన్న తొట్టి, పెద్ద తొట్టి, చెరువు, చివరకు నది.

ఈ ముచ్చట ప్రవాసంలో ఉన్న మనకు ఎందుకంటే, అటువంటి దోసిటి కథ ఒకటి మన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ పరిసరాలకే చెందినది కలదు. ఇప్స్‌విచ్ నగర పరిధిలోని ఈ ప్రాంతంలో పట్టణ నిర్మాణానికి 1992లో అంకురార్పణ జరిగింది. ఇచ్చటి చెరువులు మనుషులు కట్టినవి. ఈ ప్రాంతపు వాగునీరు వూగారూ వాగులో కలిసి, గుడ్నా వద్ద బ్రిస్బేన్ నదిని చేరుతుంది. ఆ నదిలో ఒకప్పుడు కాడ్ అనే పెద్ద చేప ఉండేది. ఇప్పుడు లేదు. ఇరవయ్యవ శతాబ్దం మొదటి సగంలోనే అది అంతరించింది. శాస్త్రజ్ఞులు దానికి ఒక పేరైనా పెట్టకముందే వెళ్ళిపోయింది.

కాడ్ అనగానే సముద్రపు చేప అనుకోరాదు. తొలినాటి వలస ప్రజలు తమ దేశపు చేప పేరును దీనికి తగిలించారు, అంతే. బ్రిస్బేన్ కాడ్‌కు దగ్గరి చుట్టం ఉత్తరాన మేరీ నదిలో మిగిలింది. జింపీ, మేరీబరో పట్టణాల మీదుగా పారే ఆ నదిలో ఇరవై కిలోలకు పైబడిన కాడ్ చేపలు ఒకప్పుడు దొరికేవట. 1867లో జింపీలో బంగారం బయటపడింది. జనం పోటెత్తారు. ఒడ్డునున్న చెట్లు నరికారు, నదిలో మట్టి మేటవేసింది, చేపలను అంతులేకుండా పట్టారు. చివరకు టినానా-కూండూ, సిక్స్ మైల్, ఓబీ ఓబీ వంటి కొన్ని వాగులలోనే ఈ జాతి నిలదొక్కుకొన్నది. 1993లో స్టూవర్ట్ రోలాండ్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించాడు. 2010లో అది పూర్తి జాతిగా గుర్తింపు పొందింది. అంతరించే ప్రమాదమున్న జీవులలో ఒకటిగా చట్టం దీనిని కాపాడుతున్నది.

చేపను ఒక నదినుండి మరొక నదికి చేర్చి కాపాడే యత్నం ఈ దేశంలో కొత్తది కాదు. మేరీ, బర్నెట్ నదులలో ఊపిరితిత్తితో గాలి పీల్చే లంగ్‌ఫిష్ అనే ప్రాచీన మత్స్యం ఉన్నది. గబ్బీ గబ్బీ ఆదివాసులు దానిని 'డాలా' అని పిలిచి పూజ్యంగా చూస్తారు. అది నశించిపోగలదన్న భయంతో 1895-96లో డేనియల్ ఓకానర్ అనే ఆయన కొన్నింటిని బ్రిస్బేన్ నదిలోను, ఎనోగెరా జలాశయంలోను, మరికొన్ని చోట్ల విడిచాడు. బ్రిస్బేన్ నదిలో లంగ్‌ఫిష్ నేటికీ బతుకుతున్నది. కాడ్‌కు అటువంటి ఆప్తుడు సకాలంలో దొరకలేదు. ఆ లోటు తీర్చే భారం తరువాతి కాలంలో హేచరీ మీద పడింది.

హేచరీ విద్య మన తెలుగువారికి పరాయిది కాదు. ఒకప్పుడు బొచ్చె, శీలావతి పిల్లల కోసం వరద రోజులలో నదులను గాలించవలసి వచ్చేది. 1957 జూలై 10న కటక్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి గార్లు పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి కార్పు జాతి చేపలచే గుడ్లు పెట్టించారు. ఆ రోజునే మన దేశంలో జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకొంటున్నాం. కైకలూరు, భీమవరం ప్రాంతాలలో చేపల చెరువులు విస్తరించాయంటే దాని వెనుక ఈ విద్య ఉన్నది. ఆస్ట్రేలియాలో 1960లలో జాన్ లేక్ అనే శాస్త్రజ్ఞుడు న్యూ సౌత్ వేల్స్‌లోని నరండేరాలో దేశవాళీ చేపల సంతానోత్పత్తిని పరిశోధించి దారి చూపాడు.

అయితే కాడ్‌కు సూదిమందు కంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. దానికి కావలసింది తొర్ర. నీటిలో మునిగిన బోలు దుంగలో ఆడచేప గుడ్లు పెట్టగా, అవి దుంగ గోడకు అంటుకొంటాయి. మగచేప వాటికి కాపలా కాస్తుంది. తన పిల్లలను కంటికి రెప్పలా కాచే మన కొర్రమీను ఇక్కడ గుర్తుకు రాక మానదు. పడవలకు అడ్డమనీ, వరదకు అడ్డమనీ నదులలోని దుంగలను తీసివేయడమంటే కాడ్ పురిటిగదిని కూల్చడమే. కనుక లేక్ మెక్‌డొనాల్డ్ ఒడ్డున మేరీ కాడ్ కోసం నెలకొన్న హేచరీ వంటి చోట్ల పని తొర్రకు బదులు తొర్రను సమకూర్చడంతోనే మొదలవుతుంది. వసంతంలో నీరు 20 డిగ్రీల వెచ్చదనానికి చేరే వేళకు చేపల జంటలు ఆ తొర్రలను ఆశ్రయిస్తాయి.

అక్కడి నుండి టెక్నీషియన్‌కు కంటిమీద కునుకుండదు. తెల్లబడి చెడిన గుడ్లను ఏరివేయాలి. లేకుంటే బూజు పక్క గుడ్లకు పాకుతుంది. నీటి వేడి, ప్రాణవాయువు చూస్తూ ఉండాలి. పొట్టకింది సొన అయిపోగానే పిల్లలకు కంటికానని జలజీవులే ఆహారం. మన రైతు పేడ వేసి చెరువునీటిని పచ్చబరచినట్లే ఇచ్చటా ఎరువు వేసి ఆ జీవులను ముందుగా పెంచుకొంటారు. కొంచెం ఎదిగితే మరో చిక్కు. కాడ్ పిల్ల తనకన్న చిన్నదైన తోబుట్టువును మింగివేస్తుంది. సత్యవ్రతుని చేపపిల్ల మొర ఇదే గదా! కనుక పిల్లలను సైజువారీగా మళ్ళీ మళ్ళీ వేరుచేయాలి.

వీటన్నిటినీ మించినది వంశం లెక్క. ఆహారం కోసం పెంచే చేపకు సంఖ్య ముఖ్యం. అంతరించే చేపకు సంఖ్యతోపాటు వైవిధ్యమూ ముఖ్యం. ఒక్క జంట పిల్లలనే వేలకు వేలుగా నదిలో విడిస్తే చూపుకు నది నిండుతుంది గాని, అవన్నీ ఏకోదరులే. మనం సగోత్రం చూసినట్లు ఏ తల్లి, ఏ తండ్రి, ఏ వాగు అని వ్రాసి ఉంచాలి. ఈ విధంగా పెంచిన మేరీ కాడ్ పిల్లలను బ్రిస్బేన్ నదీ పరీవాహకంలోనూ విడిచారు. పోయిన చేప రాలేదు. దాని చుట్టం వచ్చింది.

మరి హేచరీ ఉన్నది గదా, నది ఏమైతేనేమి అనవచ్చునా? 2006లో మేరీ నదిపై ట్రావెస్టన్ క్రాసింగ్ ఆనకట్టను ప్రతిపాదించినప్పుడు ఈ ప్రశ్నే ఎదురైంది. అరుదైన జీవులను కాపాడేందుకు పరిశోధన కేంద్రం పెడతామని ప్రతిపాదకులు అన్నారు. కాడ్, లంగ్‌ఫిష్, మేరీ నది తాబేలు దెబ్బతింటాయని 2009 నవంబరులో కేంద్ర మంత్రి పీటర్ గారెట్ ఆ ప్రతిపాదనను తిరస్కరించారు. తొట్టిలో పుట్టిన పిల్లకు నది కావాలి. నది లేని హేచరీ అంటే పుట్టింటినుండి పంపడానికి అత్తవారిల్లు లేని పెళ్ళికూతురే.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాకు అన్నం పెట్టింది. అదే ఆనకట్ట పులసకు ఎగువదారి మూసింది. కొల్లేటిలో చేపల చెరువులు సరస్సునే మింగబోతే 2006లో గట్లు తెగగొట్టవలసి వచ్చింది. చేపను పెంచడంలో మనవారు ఆరితేరినవారు. నదిని నదిగా ఉంచడంలో కూడా ఆ నేర్పు చూపవలసి ఉన్నది.

ఈసారి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ చెరువుగట్టున పిల్లలతో నడిచినప్పుడు ఈ కథ వారికి చెప్పండి. ఇంటి అక్వేరియంలోని చేపలను చెరువులో వదలరాదనీ, నీటిలో పడిన మానును చెత్త అనుకోరాదనీ కూడా చెప్పండి. అది ఏ చేపకు పురిటిగదో మనకేం తెలుసు!