గీతకు కూలెంత?

మా బావమరిది నారాయణగూడలో పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపుదామనుకున్నాడు. ఎవరో చెబితే ఒక ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్ళాడు. ఫీజు వినగానే లేచొచ్చేశాడు. బషీర్‌బాగ్ చౌరస్తాలో చాయ్ తాగుతూ నా మీద పడ్డాడు: "నాలుగు గీతలకి అంత డబ్బా బావా! కట్టడానికి మేస్త్రీ ఉన్నాడు, లెక్కకి ఇంజనీరున్నాడు. మధ్యలో ఈయనెందుకట?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. మేం నిలబడ్డ పేటకు ఆ పేరెలా వచ్చిందో మాత్రం గుర్తొచ్చింది. 1887లో నిజాం దివాన్ అయిన పైగా ప్రభువు సర్ ఆస్మాన్ జా బిరుదు బషీరుద్దౌలా. ఆయన బషీర్‌బాగ్ భవనం ఎప్పుడో నేలమట్టమైంది. కట్టించినవాడి పేరు పేటకి మిగిలింది. గీత గీసినవాడి పేరు అడిగితే చౌరస్తాలో చెప్పేవాళ్ళు లేరు.

గీత గీసేవాడికి మన ఊళ్ళో గిరాకీ తెచ్చింది మూసీ. 1908 సెప్టెంబరు 28 వరద సగం నగరాన్ని ఊడ్చేశాక, 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. 1914లో విన్సెంట్ ఎష్ అనే దొర వచ్చాడు. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనిచూసిన చెయ్యి అది. మన నారాయణగూడ పక్కనున్న కాచిగూడ స్టేషను ఆయనదే, 1916 నాటిది. కాంక్రీటు ముక్కలు ముందే పోతపోసి, తెచ్చి బిగించారు. గానుగలో సున్నం ఆడించి, తడి చూసి, వేలితో పదును తేల్చే మేస్త్రీలున్న రోజులవి. వాళ్ళ ముందు గోడ పెట్టెల్లో దిగిందన్నమాట! చేతికి తెలిసిన విద్య ఒక్కసారిగా కాగితం మీదికెక్కింది. ఆ మేస్త్రీలేమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

హైకోర్టు సంగతి మరీ తమాషా. అందరూ ఎష్ పేరే చెబుతారు. ప్లాను వేసింది జైపూరు శంకర్‌లాల్ అనీ, అమలు చేసింది స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ అనీ, కాంట్రాక్టరు మీర్జా అక్బర్ బేగ్ అనీ కోర్టువారి చరిత్రలోనే ఉంది. 1915లో మొదలెట్టి 1919లో ముగించారు. నలుగురి పనికి ఒక్కరి పేరు.

ఉస్మానియా యూనివర్సిటీ నాటికి మనవాళ్ళు తెలివిమీరారు. జైన్ యార్ జంగ్‌ని, సయ్యద్ అలీ రజాని దేశదేశాలూ చూసి రమ్మని పంపారు. బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ని పిలిపించి గీయించుకున్నారు. ఆయన వెళ్ళిపోయాక జైన్ యార్ జంగే పని నడిపించాడు. 1939లో ఆర్ట్స్ కాలేజీ తెరుచుకుంది. పక్కన నిలబడి నేర్చుకున్నదానికి కూడా కూలి ఉంటుందని అప్పుడు తెలిసుండాలి.

తరవాత చట్టం వచ్చింది. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం రిజిస్టరు కానివాడు ఆ పేరు పెట్టుకోకూడదు. పేరు సరే, పని మాటేమిటి? దాన్ని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది: చట్టం కాపాడేది బిరుదునే, పనిని కాదు. ఆ సంవత్సరమే తెలంగాణలో ఇంకో చట్టం వచ్చింది. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి యజమాని స్వయంగా హామీ ఇచ్చుకుంటే అనుమతి చేతికొస్తుంది. మునిసిపాలిటీ ముద్ర కోసమే ప్లాను కావాలనుకునేవాడికి ఇంక ఆర్కిటెక్టుతో పనేముంది? పైగా గీత ఇప్పుడు కంప్యూటరు గీస్తుంది. అమ్మోనియా ప్రింటు వాసన కూడా లేదు. మిగిలిందల్లా గాలెటు, ఎండెటు, ముసలమ్మ మెట్లెలా ఎక్కుతుంది అని గీతకి ముందే కూర్చుని ఆలోచించడం. దానికి బిల్లు రాయడమే కష్టం. కనిపించదుగా!

ఇదంతా మా బావమరిదికి చెప్పాను. "బాగుంది బావా" అని, వెళ్ళి మేస్త్రీతోనే కట్టించుకున్నాడు. ఇల్లు బాగానే ఉంది. వంటింటి కిటికీ తీస్తే పక్కింటి గోడ తగులుతుంది. మెట్ల మలుపు దగ్గర శ్లాబు కాస్త కిందికొచ్చింది. పొడుగాటి చుట్టాలెవరైనా పైకి బయల్దేరితే మా చెల్లెమ్మ వంటింట్లోంచే కేకేస్తుంది: "అన్నయ్యా, తల జాగ్రత్త!"