దసరా దాకా బాగానే ఉన్నాడు

అన్నయ్య గురించి ఎవరడిగినా మా ఇంట్లో అందరి నోటా ఒకే మాట వచ్చేది: "దసరా దాకా బాగానే ఉన్నాడు." అమ్మ పోయేదాకా అదే చెప్పింది. నేనూ అదే చెబుతూ వచ్చాను. ఆ మాటలో అబద్ధం లేదు. అబద్ధం లేకపోవడమే మా గుండెకోత.

2006 కార్తీకంలో, ఇంకా తెల్లవారకముందే, అన్నయ్య తెనాలి స్టేషన్‌కి నడిచివెళ్ళి ఏదో బండి ఎక్కాడు. మద్రాసు వైపు పోయేదో, హౌరా వైపు పోయేదో చూసినవాళ్ళు లేరు. తను కుట్టుకున్న తెల్లటి పొట్టిచేతుల చొక్కా ఒంటిమీద ఉంది. మళ్ళీ రాలేదు. కథ చివర ఇది. అక్కడికి చేరేలోపు దారి ఎన్నిచోట్ల చీలిందో, చీలిన ప్రతిచోటా మేము ఎటు తిరిగామో, అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

మారీసుపేటలో అన్నయ్యకు చిన్న టైలరింగు కొట్టు ఉండేది. ఒక మిషను, ఒక బల్ల, గోడకు దేవుడి క్యాలెండరు, మెడలో ఎప్పుడూ టేపు. ఆడవాళ్ళ జాకెట్ల దగ్గర అతని చెయ్యి అంత నెమ్మదిగల చెయ్యి నేను మరెక్కడా చూడలేదు. ఒకసారి కొలత తీసుకుంటే రెండోసారి అడిగేవాడు కాదు. జాకెట్టు లోపల కొంచెం ఎక్కువ గుడ్డ వదిలి, పక్కల్లో మూడు వరసల కుట్టు వేసేవాడు. "ఆడపిల్ల ఒళ్ళు ఎప్పుడూ ఒక్కలా ఉండదే బుజ్జీ. కాస్త ఒళ్ళొస్తే ఒక వరస, ఇంకాస్త వస్తే ఇంకో వరస విప్పుకుంటారు. కొత్తది కుట్టించుకునే డబ్బులు అందరి దగ్గరా ఉంటాయా?" అనేవాడు.

1999లో, ఇరవయ్యారో ఏట, జబ్బు చేసింది. పక్కింటి రేడియో తన సంగతే మాట్లాడుతోందన్నాడు. కుట్టడానికి వచ్చిన గుడ్డల్లో ఎవరో తనకు కబుర్లు దాచి పంపుతున్నారన్నాడు. తాయెత్తులయ్యాయి, దర్గా అయింది, చివరికి గుంటూరులో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాం. స్కిజోఫ్రీనియా అన్నారు. రిస్పెరిడోన్ అనే బిళ్ళ, రోజుకు నాలుగు మిల్లీగ్రాములు. మూడు నెలలకు అన్నయ్య మళ్ళీ కత్తెర పట్టాడు. ఏడాది తిరిగేసరికి మోతాదు రెండుకు దిగింది. రాత్రి అన్నం తిన్నాక ఒకే ఒక్క బిళ్ళ. వంటింటి కిటికీలో, ఉప్పు డబ్బా పక్కన దాని అట్ట ఉండేది.

ఆ తర్వాతి మూడేళ్ళ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. సాయంత్రం కొట్టు కట్టేసి కాలవగట్టు మీద నడుస్తూ ఘంటసాల పాటలు కూనిరాగం తీసేవాడు. 2001లో నా పెళ్ళికి ఆరు జాకెట్లు కుట్టాడు. ముహూర్తం చీర మీది జాకెట్టుకు చేతి కుట్టు పని కోసం మూడు రాత్రులు కూర్చున్నాడు. అమ్మ కోప్పడితే నవ్వాడు. ఆ నవ్వు జబ్బుకు ముందు నవ్వే. అది తిరిగొచ్చిందని నాకు తెలిసిన రోజు నేను మేడమీదికి వెళ్ళి ఏడ్చాను.

లోపాలు లేవని కాదు. పొట్ట వచ్చింది. పొద్దున్నే లేవలేకపోయేవాడు. "తలకు దూది చుట్టినట్టుంటుందే. ఈ నెమ్మది నాదో బిళ్ళదో తెలియడం లేదు" అన్నాడొకసారి. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. అది జవాబు దొరకాల్సిన ప్రశ్న. ఎవరికైనా తన మనసు తనదేనని తెలుసుకోవాలని ఉండదా?

2003 సంక్రాంతికి నేను హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు, అన్నయ్యతో పాటు గుంటూరు వెళ్ళాను. ఇంకా ఎన్నాళ్ళండీ అని అడిగింది నేనే. డాక్టరు గారు విసుక్కోలేదు. మొదటిసారి జబ్బు చేసినవాళ్ళు కోలుకున్నాక కనీసం ఏడాది రెండేళ్ళు వాడాలి, అది గడిచింది, తగ్గించి చూసే మాట ఆలోచిద్దాం, కాని నాతో చెప్పకుండా మానకండి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఇంట్లో ఒకరు నిద్ర మీద కన్నేసి ఉండాలి అన్నారు. తర్వాత అన్నయ్య వైపు తిరిగి, "కుట్టు విప్పేటప్పుడు గుడ్డ పట్టుకుని లాగుతావా, ఒక్కో పోగూ తెంపుతావా?" అని అడిగారు. అన్నయ్య నవ్వాడు. ఏప్రిల్‌లో మళ్ళీ రమ్మన్నారు.

ఏప్రిల్‌లో వెళ్ళలేదు. అప్పటికి రేపల్లె సంబంధం కుదిరింది.

మంచి కుటుంబం. పిల్ల నెమ్మదస్తురాలు. చూపులకు వస్తున్నారనగానే బిళ్ళల అట్ట కిటికీలోంచి బియ్యం డబ్బాలోకి పోయింది. తర్వాత ఉగాది ముందు ఒక సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, పెళ్ళయ్యాక కొత్తపిల్ల ముందు ఈ బిళ్ళలు ఎట్టా మింగుతాడు? వాడు బాగానే ఉన్నాడుగా. ఇంకా ఎన్నాళ్ళే? ఉన్నది కూడా చిన్న బిళ్ళేగా" అంది. గుంటూరులో విన్న ప్రతి మాటా నాకు గుర్తుంది. ఆఫీసులో పని మీదున్నాను. "నీకెట్టా తోస్తే అట్టా చెయ్యమ్మా" అన్నాను.

చిన్న బిళ్ళ అనుకున్నాం. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే చోట్లు ఉంటాయి. రోజుకు రెండు మిల్లీగ్రాములతోనే ఆ మందు వాటిలో మూడింట రెండొంతుల దాకా కప్పి ఉంచుతుంది. నాలుగు నుంచి రెండుకు దిగితే ఆ కప్పు తగ్గేది కొంచెమే. రెండు నుంచి సున్నాకు దిగితే మొత్తం పోతుంది. అన్నయ్య ఒకటి రెండు మెట్లు దిగి మేడమీదే ఉన్నాడు. మేము నేల దగ్గరే ఉందనుకుని దూకమన్నాం. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

మానేశాక ఏమయిందో చెప్పాలి. ఏమీ కాలేదు. అదే మమ్మల్ని ముంచింది.

మర్నాడే రేడియో మళ్ళీ మాట్లాడి ఉంటే, పరుగెత్తి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టేవాళ్ళం. ఈ జబ్బు అలా రాదు. మందు ఒంట్లోంచి రోజుల్లో పోతుంది. నష్టం చాలామందిలో నెలల తర్వాత వస్తుంది. మొదట్లో అన్నయ్యకు హాయిగా కూడా ఉంది. పొద్దున్నే లేచేవాడు. పొట్ట తగ్గింది. పెళ్ళి ఫోటోల్లో ఎంత అందంగా ఉన్నాడో! మే నెల ఎండలో పీటల మీద కూర్చుని వదిన చెవిలో ఏదో అన్నాడు. ఆమె తల వంచుకుని నవ్వింది. ఆ ఫోటో చూసినప్పుడల్లా దానిలోకి చెయ్యి పెట్టి ఆ క్షణాన్ని అక్కడే ఆపేయాలనిపిస్తుంది. "చూశావా, బిళ్ళ లేకపోయినా ఎంత బాగున్నాడో" అని అమ్మ నాతో ఎన్నిసార్లు అందో. ప్రతి మంచి రోజూ మా తప్పుకు సాక్ష్యం పలికి, అది తప్పు కాదని నమ్మించింది.

శ్రావణం పోయింది. భాద్రపదంలో దసరా పని మొదలైంది. ఒక రోజు వదిన, "అత్తయ్యా, ఆయన రాత్రుళ్ళు పడుకోవడం లేదు" అంది. దసరా ముందు ఏ టైలరు పడుకుంటాడు? "సీజను కదమ్మా" అంది అమ్మ. నిజమే, సీజనే. కాని కొట్టులో కుట్టిన జాకెట్ల దొంతర పెరగడం లేదు. అన్నయ్య పగలు కుట్టినవి రాత్రి విప్పుతున్నాడు. ఒక్కో పోగూ, ఒక్కో పోగూ, గుడ్డ ఎక్కడా చిరగకుండా. లోపల ఏం దాచారో చూడాలట. వదిన మిషను పక్కన దారాల గుట్ట చూసి, మొగుడికి పని మీద ఎంత శ్రద్ధో అనుకుందట. ఆమెకు మేము చెప్పిందేముంది గనక, ఇంకోలా అనుకోవడానికి?

విజయదశమి నాడు పండగ జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు కొట్టు ముందు నిలబడ్డారు. లోపల అన్నయ్య చెవులు మూసుకుని బల్ల కింద కూర్చున్నాడు.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు గారు పాత ఫైలు తీశారు. మూడేళ్ళ కాగితాలు. వదిన ఒక్కో కాగితమూ చూసింది. అరవలేదు. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. వరండాలోకి వచ్చాక నాతో మెల్లగా అంది: "నాకు ముందే చెప్పి ఉంటే, రోజూ బిళ్ళ నేనే ఇచ్చేదాన్ని కదా."

వదిన కళ్ళు అన్నయ్య పక్కనే, అదే గదిలో, రాత్రంతా మేలుకుని ఉన్నాయి. నిద్ర మీద కన్నేసి ఉండమని డాక్టరు గారు అడిగిన మనిషి మాకు దొరికింది. ఏం చూడాలో ఆమెకు చెప్పలేదు.

తర్వాతి మూడేళ్ళూ తొందరగా దాటేస్తాను. ఇదివరకు నాలుగు మిల్లీగ్రాములకు లొంగిన జబ్బు ఈసారి ఆరుకు కూడా పూర్తిగా లొంగలేదు. చేతుల వణుకు వచ్చింది, దానికి ఇంకో బిళ్ళ. సూదిలో దారం ఎక్కించడానికి నాన్న సాయం పట్టేవాడు. ఒకనాడు ఇద్దరూ చేతకాక ఊరుకున్నారు. 2005లో కొట్టు ఖాళీ చేశాం. వదిన రేపల్లె వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆమెను తప్పుపట్టే నోరు మాకెవరికీ లేదు. అన్నయ్య మళ్ళీ మందు మానాడు, ఈసారి తనంతట తనే. ఆ తర్వాత ఆ కార్తీకం.

పోగొట్టుకున్నాక చదవడం మొదలుపెట్టాను. హాంకాంగ్‌లో 178 మంది మీద జరిగిన పరిశోధన ఒకటి ఉంది. అందరూ అన్నయ్యలాంటి వాళ్ళే: మొదటిసారి జబ్బు చేసి, కనీసం ఏడాది మందు వాడి, పూర్తిగా తేరుకున్నవాళ్ళు. కొందరికి మందు కొనసాగించారు, కొందరికి మందులేని ఉత్త బిళ్ళ ఇచ్చారు. ఏడాదిలో జబ్బు తిరగబెట్టినవాళ్ళు మందు మీద ఉన్నవాళ్ళలో 41 శాతం, ఉత్త బిళ్ళ మింగినవాళ్ళలో 79 శాతం. పదేళ్ళ తర్వాత చూస్తే, జీవితం బాగా దెబ్బతిన్నవాళ్ళు మొదటి గుంపులో 21 శాతం, రెండో గుంపులో 39 శాతం. ఆ 39 అనే అంకె దగ్గర ఒక రాత్రంతా కూర్చున్నాను.

మరో వైపు కూడా చదివాను. తొలిసారి జబ్బు చేసినవాళ్ళకు వైద్యుల కనుసన్నల్లో మందు తగ్గించిన నెదర్లాండ్స్ పరిశోధనలో, ఏడేళ్ళ తర్వాత పూర్తిగా కోలుకున్నవాళ్ళు తగ్గించిన గుంపులోనే రెట్టింపు కంటే ఎక్కువ. 2013లో అచ్చయింది. పదేళ్ళకు, 2023లో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఫలితం వేరు: అంత జాగ్రత్తగా తగ్గించినా రెండేళ్ళలో తీవ్రంగా తిరగబెట్టినవాళ్ళు 25 శాతం, మామూలుగా వాడుతున్నవాళ్ళలో 13. ఎన్నాళ్ళు అన్న ప్రశ్నకు పెద్దపెద్ద వైద్యుల మధ్యే ఒక్క జవాబు లేదు. అంటే అన్నయ్య అడిగింది తప్పు కాదు. అమ్మ అడిగిందీ తప్పు కాదు. ఆ వసంతం నిజంగా తగ్గించి చూడదగిన కాలమే కావచ్చు. డాక్టరు గారూ అదే అన్నారు కదా! ఏప్రిల్‌లో గుంటూరు వెళ్ళి ఉంటే, రెండు ఒకటిన్నరయ్యేది, దసరా నాటికి ఒకటయ్యేదేమో. వదిన నిద్రలు లెక్కపెట్టేది. తేడా వస్తే మళ్ళీ ఒక మెట్టు ఎక్కేవాళ్ళం. పట్టపగలు, అందరూ కలిసి చేయాల్సిన పనిని బియ్యం డబ్బాలో దాచి చేశాం.

ముంబయి దగ్గర కర్జత్‌లో శ్రద్ధ అనే సంస్థ ఉంది. మతి చెదిరి వీధుల్లో తిరిగేవాళ్ళను చేరదీసి, వైద్యం చేసి, ఇళ్ళకు చేరుస్తుంది. దాన్ని స్థాపించిన భరత్ వట్వానీ గారికి 2018లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు పేపర్లో చదివి, ఆ రాత్రే అన్నయ్య పెళ్ళి ఫోటో కత్తిరించి వాళ్ళకు పంపాను. ఫోటోలో అతనికి ముప్పై ఏళ్ళు. ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఏ స్టేషన్లో ఎదురుపడినా నేను గుర్తుపట్టగలనా?

మొన్న మాఘంలో మా అమ్మాయి పెళ్ళికి ముహూర్తం చీర కట్టుకుందామని ఆ పాత జాకెట్టు తీశాను. పట్టలేదు. లోపలికి తిప్పి చూస్తే మూడు వరసల కుట్టూ అలాగే ఉంది. బ్లేడు తీసుకుని కిటికీ వెలుతురులో కూర్చుని మొదటి వరస విప్పాను, ఒక్కో పోగూ. సరిపోలేదు. రెండోది కూడా విప్పాను. మడత తెరుచుకుంది. లోపల, ఇరవై ఏళ్ళుగా ఎవరూ చూడని చోట, గుడ్డ రంగు వెలవలేదు. దాని మీద అన్నయ్య గీసిన సుద్ద గీత, ఎక్కడా వణకకుండా, చంక నుంచి నడుము దాకా.