ప్రజలే వేసుకునే గ్రామ ప్రణాళిక

ఊరికి ఏం కావాలో, అందులో ముందు కావలసింది ఏదో, దానికి డబ్బు ఎక్కణ్ణుంచి రావాలో ఊరివాళ్లే కూర్చుని తేల్చుకుని రాసుకున్న పత్రమే గ్రామ ప్రణాళిక. ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. పంచాయతీ ఆఫీసులో అందరూ అనేది జీపీడీపీ. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఆర్థికాభివృద్ధికీ సామాజిక న్యాయానికీ ప్రణాళికలు వేసుకునే అధికారాన్ని రాష్ట్ర శాసనసభలు పంచాయతీలకు ఇవ్వవచ్చని 243-జి అధికరణం చెబుతుంది. పదకొండో షెడ్యూలులో అందుకు 29 అంశాలున్నాయి. చిక్కంతా ఆ ‘ఇవ్వవచ్చు’లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసుకుంది గానీ, ఊరూరా ఏటా ప్రణాళిక వేయడం ఒక పద్ధతిగా మొదలైంది 2015లో, పద్నాలుగో ఆర్థిక సంఘం నిధులు నేరుగా పంచాయతీలకు రావడంతో. 2018 అక్టోబరు 2 నుంచి కేంద్రం దీన్ని ‘సబ్‌కీ యోజన సబ్‌కా వికాస్’ పేరుతో ఉద్యమంగా నడుపుతోంది. ఇంకా ముందే, 1996లో, కేరళ తన ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతిలో పెట్టి ప్రజా ప్రణాళికను ప్రారంభించింది.

తయారీ

మార్గదర్శకాల పుస్తకంలో ఉన్న క్రమం ఇది: పరిస్థితి అంచనా, గ్రామసభ, ముసాయిదా, మళ్లీ గ్రామసభ, ఆమోదం, ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో నమోదు. అసలు పని మొదటి మెట్టు దగ్గరే ఉంటుంది. అది ‘ఊరి నడక’తో మొదలవుతుంది. పది పదిహేను మంది కలిసి బొడ్రాయి దగ్గర బయల్దేరి ఊరి చివరి ఇంటిదాకా నడుస్తారు. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఊళ్లలో ఈ నడక వానాకాలంలో చేస్తేనే ప్రయోజనం. పొలాలకు పోయే డొంక మోకాలిలోతు బురదయ్యేది అప్పుడే. ఎండాకాలంలో చూస్తే అది చక్కని దారే. మంచినీటి చెరువు సంగతి దానికి తలకిందులు: నాగార్జునసాగర్ కాలువ కట్టేసిన నెలల్లో వెళ్లి చూడాలి.

నడక అయ్యాక పటం గీస్తారు. గుడి ముందో బడి ఆవరణలోనో నేల ఊడ్చి, ముగ్గుపిండితో వీధులు, ఇటుకపొడితో ఇళ్లు, ఆకులతో చెట్లు పెడతారు. ఏ వీధిలో కుళాయి లేదో, మురుగు ఎక్కడ ఆగుతుందో ఆ వీధివాళ్లే వచ్చి చూపిస్తారు. తరువాత ఒక్కొక్కరికీ కాసిని చింతగింజలిచ్చి, ముఖ్యమనుకున్న పని దగ్గర పెట్టమంటారు. గింజలకు సంతకం అక్కర్లేదు. పెద్దమనుషుల ముందు నోరు విప్పనివాళ్ల మాట కూడా లెక్కలోకి వస్తుంది. 1980ల చివర మన దేశపు స్వచ్ఛంద సంస్థలు, బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ వంటివారు కలిసి రూపుదిద్దిన భాగస్వామ్య గ్రామీణ సమీక్ష పద్ధతి ఇదే.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఒక అడ్డంకి గురించి మాత్రం ఎవరూ రాయరు. ప్రణాళిక ఉద్యమం అక్టోబరులో మొదలవుతుంది. పత్తి తీతలూ అప్పుడే. జనవరి వచ్చేసరికి మిరప కోతలు. తెల్లారేసరికి ఆటో ఎక్కి పొలానికి పోయిన ఆడకూలీలు పదకొండు గంటల గ్రామసభకు ఎలా వస్తారు? సభ రాత్రి పెట్టాలి. లేదా పేటపేటకూ విడిగా మహిళా సభలు జరిపి, వాటి మాటను పెద్ద సభకు తీసుకురావాలి.

జరిగిన చోట్ల

ప్రకాశం సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, కొన్ని వందల ఊళ్లలో, 2003 నుంచి దాదాపు దశాబ్దం చివరిదాకా ఒక భూగర్భజల ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండ. ఆఫీసర్లు చెప్పిన నీటి లెక్క కాదది. రైతులే కట్టుకున్న లెక్క. ఊళ్లో వర్షమాపకంలో పడిన వానను రోజూ రాసేవారు. గుర్తుపెట్టుకున్న బోర్లలో నీటిమట్టం పదిహేను రోజులకోసారి కొలిచేవారు. ఆ అంకెలు ఊరి గోడమీద అందరికీ కనిపించేవి. రబీకి ముందు సమావేశమై, భూమిలో ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని పంటల నీటి బడ్జెట్ వేసేవారు. ఏ పంట వేయాలో ఎవరికీ హుకుం లేదు. అయినా లోటు చూసి చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఊరి ప్రణాళిక ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలుగునేలమీద కనిపించదు.

ఎక్కువగా చెప్పుకునేది మాత్రం వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి. మచ్చాపూర్‌కు శివారు పల్లెగా ఉండి 1994లో సొంత పంచాయతీ అయింది. అంతకు చాలా ముందే సారా మానేసిన ఊరది. బాలవికాస సంస్థ తోడ్పాటుతో, ఇంటింటి చందాతో, మంచినీటి ట్యాంకు కట్టుకుంది. నీటికో కమిటీ, చదువుకో కమిటీ, ఆఖరికి కేబుల్ టీవీకీ ఒక కమిటీ. ఇంటిపన్ను బకాయి లేకుండా వసూలవుతుంది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. సర్పంచిగా కూసం రాజమౌళి పేరు దేశమంతా తెలిసింది. చూడవచ్చిన ఊళ్లు కమిటీలనైతే తీసుకుపోయాయి గానీ చందా సంగతి దారిలోనే మరిచిపోయాయి.

ఊరి పనుల్లో ప్రజల్ని కలుపుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం 1997 జనవరి 1న మొదలుపెట్టిన జన్మభూమి కార్యక్రమానికి ప్రేరణ దక్షిణ కొరియాలో 1970లో వచ్చిన సేమౌల్ ఉద్యమం. అక్కడ తొలి ఏడు ఊరూరికీ 335 బస్తాల సిమెంటిచ్చారు. మరుసటి ఏడు, దాన్ని బాగా వాడుకున్న ఊళ్లకే 500 బస్తాలు, ఒక టన్ను ఇనుము. మన దగ్గర శ్రమదానమైతే వచ్చింది, ఊరి వాటా కట్టడమూ వచ్చింది. పనిని బట్టి తరువాతి సాయం అనే షరతు అంత గట్టిగా రాలేదు.

డబ్బు

పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లలో 2021 నుంచి 2026 వరకు 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని నిబంధన పెట్టారు. మిగతా 40 శాతం పంచాయతీ ఇష్టం, జీతాలకు తప్ప. ఆ కాస్త డబ్బునూ రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బకాయిల కింద జమ చేసుకుందని ఆంధ్రప్రదేశ్ సర్పంచులు రోడ్డెక్కారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. సంఖ్య గొప్పదే. ఆ రోజు తీర్మానించినవాటిలో ఎన్ని పనులు పూర్తయ్యాయన్న పట్టిక ఊరి గోడమీద కనిపిస్తే ఇంకా గొప్ప.

తాడేపల్లి

కృష్ణ ఒడ్డున, ప్రకాశం బ్యారేజీకి గుంటూరు వైపున ఉన్న తాడేపల్లిని ఈ కథ మరోలా తాకింది. పక్కనున్న ఉండవల్లి, పెనుమాక 2015లో రాజధాని అమరావతి ప్రాంతంలోని 29 ఊళ్లలో చేరాయి. పూలు, కూరగాయలు పండే భూముల రైతులు అక్కడ చాలామంది భూసమీకరణకు ఒప్పుకోలేదు. పైనుంచి వచ్చిన ప్రణాళికకూ పొలంలో ఉన్న ప్రణాళికకూ మధ్య గొడవ అది. పంచాయతీగా ఉండే తాడేపల్లి ముందు మునిసిపాలిటీ అయింది. 2021లో మంగళగిరితో, చుట్టుపక్కల పల్లెలతో కలిపి మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ ఏర్పడింది. జీపీడీపీ పంచాయతీలకే వర్తిస్తుంది. విలీనమైన పల్లెల్లో పొలాలూ డొంకలూ ఇంకా ఉన్నాయి. ఓటరైన ప్రతివాడూ సభ్యుడిగా కూర్చునే గ్రామసభ మాత్రం లేదు.