తెల్లని నరములు – తెలుగువాని మందు

అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. ప్రతి మెట్టునకును క్రిందికి చూచి మనము అడుగు వేయము. పాదమెక్కడ నున్నదో మెదడునకు తెలియుచునే యుండును. ఆ వార్తను మోయునవి వెన్నుపాము, మెదడులందలి శ్వేత పదార్థపు నాడీతంతువులు. వానిని చుట్టి కొవ్వుతో కూడిన పొర కలదు. 1854లో జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో దానికి మైలిన్ అని పేరిడెను. ఆ తెలుపు దానిదే.

ఈ పొర చెడినచో కాళ్ళు తిమ్మిరెక్కును, చీకటిలో అడుగు తడబడును, జ్ఞాపకశక్తియు సన్నగిల్లవచ్చును. 1900లో లండను వైద్యులు ముగ్గురు ఇట్టి వెన్నుపాము వ్యాధిని వివరించిరి. అది తరచు ప్రాణాంతకమగు ఒక రక్తహీనతతో కూడి వచ్చుచుండెను.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. దానితో ఆ రోగుల రక్తము బాగుపడెను. కాని నరముల క్షీణత ఆగలేదు. కొందరికి నెత్తురు మెరుగగుచుండగనే నడక చెడెను. రక్తమునకు చాలిన మందు మైలినుకు చాలదని వైద్యలోకమునకు తెలిసివచ్చెను. 1948లో అమెరికాయందును, ఇంగ్లండునందును బి12 విటమినును వేరుచేసిరి. లోపించినది అదియే. ఆ యేడే సుబ్బారావు గారు కీర్తిశేషులైరి.

బి12 కాయగూరలలో లభింపదు. మాంసము, గ్రుడ్లు, పాలు, పెరుగులలో కలదు. కావున శాకాహారులగు పెద్దలు అరికాళ్ళ తిమ్మిరిని వయస్సుపై నెట్టి యూరకుండరాదు. రక్తహీనత లేదన్న ధీమాయు చాలదు. బి12 పరీక్ష చేయించుకొనవలెను. ఆలస్యమైనచో పోయిన నడక పూర్తిగా తిరిగి రాకపోవచ్చును.