బాయిలర్లో కాలిన సుర్కీ

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయింది. తెగింది గేటును పట్టి ఉంచే ఇనుప గొలుసు. దానికి అటూ ఇటూ ఉన్న రాతిగోడ నిలబడే ఉంది. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1945లో కలిసి మొదలుపెట్టి, 1953కి పూర్తిచేసిన ఆ గోడలో రాయిని రాయితో పట్టి ఉంచింది సుర్కీ గచ్చు. సుర్కీ అంటే ఇటుక పొడి. అనంతపురం, కర్నూలు పొలాలకు డెబ్బై ఏళ్లుగా నీళ్లిస్తున్న ఆనకట్ట ఇటుక పొడి మీద ఆధారపడి ఉందంటే ఎవరూ దాన్ని కల్తీ కట్టడం అనరు. అదే ఇవాళ ఇల్లు కట్టుకునేవారు సిమెంటు బస్తా మీద పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటు) అని చూడగానే ‘బూడిద కలిపింది’ అని వెనక్కి తగ్గుతారు. ఈ రెండూ ఒకే సంప్రదాయానికి చెందినవని, థర్మల్ కేంద్రపు బూడిద మన పాత సుర్కీకి వారసురాలని నా వాదన.

సున్నం ఒక్కటే అయితే గాలి పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. గాలి తగలని నీళ్లలో ఏళ్లు గడిచినా మెత్తగానే ఉంటుంది. కాలిన మట్టి పొడి తోడైతే ఆ సున్నమే నీళ్ల అడుగున కూడా రాయిలా బిగుస్తుంది. ఈ సంగతి రసాయన శాస్త్రం కంటే ముందే మేస్త్రీలకు తెలుసు. ఇటుకను ఎంచుకోవడంలోనే వాళ్ల నేర్పంతా ఉండేది. పచ్చి మిగిలిన ఇటుక పనికిరాదు, బట్టీలో మాడి గాజులా బిగిసిందీ పనికిరాదు. సమంగా కాలినదాన్ని దంచి, జల్లించి, సున్నంతో కలిపి గానుగలో పోసేవారు. ఎద్దులు గుండ్రటి కాలువ చుట్టూ రాతి చక్రాన్ని తిప్పుతుంటే ముద్ద వేలికి జిగురుగా అంటేదాకా నలిగేది. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట సున్నం, సుర్కీలతో కట్టిందే. రోమన్లకు ఇటుక పొడితోపాటు అగ్నిపర్వతపు బూడిద కూడా దొరికింది. పొజ్జువోలి అనే ఊరి దగ్గర తవ్వినది కాబట్టి ఇలాంటి పదార్థాలన్నిటికీ ఇంజనీర్లు పొజోలానా అనే పేరు ఖాయం చేశారు.

తర్వాత పోర్ట్‌లాండ్ సిమెంటు వచ్చింది. మన దేశంలో 1904లో మద్రాసులో తొలి ప్రయత్నం జరిగింది, 1914లో పోరుబందరు ఫ్యాక్టరీ నిలదొక్కుకుంది. ఎద్దులు అక్కర్లేదు, గానుగ అక్కర్లేదు, పని వారాల నుంచి రోజుల్లోకి వచ్చింది. ఆ తొందరలో సుర్కీ మరుగున పడడం సహజమే. అయితే సిమెంటు సున్నాన్ని వదిలించుకోలేదు. నీళ్లు తగిలి బిగుసుకునేటప్పుడు సిమెంటు తనలోంచే సున్నాన్ని బయటికి విడుస్తుంది. గట్టిపడిన ముద్దలో దాదాపు అయిదో వంతు ఈ సున్నమే. అది బలానికి పెద్దగా పనికిరాదు. నీరు ఊరే స్లాబు అడుగున తెల్లటి చారలుగా కారేది ఇదే. పనిలేకుండా కూర్చున్న ఈ సున్నానికి కాలిన మట్టిని జతచేస్తే, గానుగలో జరిగిన కలయికే కాంక్రీటు లోపల మళ్లీ జరుగుతుంది.

ఆ కాలిన మట్టి బొగ్గులోనే ఉంది. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, మండని భాగమే. అందులో ఎక్కువ పాలు బంకమట్టి. పిండిలా నూరిన బొగ్గు బాయిలర్లో భగ్గుమన్నప్పుడు ఆ మట్టి కరిగి, పొగతో పైకి లేచి, చల్లారుతూ సూక్ష్మమైన గాజు గోళాలుగా మారుతుంది. ఫ్లైయాష్ అంటే ఈ బూడిదే. ఫ్లైయాష్‌ను చిటికెడు తీసుకుని రుద్దితే ముఖానికి రాసే పౌడరులా వేళ్ల మధ్య జారిపోవడం అందుకే. కాలిఫోర్నియాలో ఆర్.ఇ. డేవిస్ బృందం 1937లో కాంక్రీటులో దీని గుణాలను వివరించింది. 1948-53 మధ్య అమెరికాలో కట్టిన హంగ్రీ హార్స్ ఆనకట్టలో లక్ష టన్నులకు పైగా వాడారు. మన దేశంలో 1962లో పూర్తయిన రిహండ్ ఆనకట్టలో సుమారు 15 శాతం సిమెంటు స్థానంలో ఇదే పడింది. ఖర్చు ఒక్కటే కారణం కాదు. పెద్ద దిమ్మలో సిమెంటు పుట్టించే వేడికి కాంక్రీటు పగుళ్లు తీస్తుంది, బూడిద ఆ వేడిని తగ్గిస్తుంది. ఇనుప చిట్టెం కథ ఇంకా పాతది. కొలిమి నుంచి కారే చిట్టేన్ని ఒక్కసారిగా నీళ్లతో చల్లారిస్తే సున్నంతో కలిసి బిగుస్తుందని 1862లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ గమనించాడు. మెల్లగా చల్లారిస్తే అది వట్టి రాయి. విశాఖ ఉక్కు కర్మాగారపు చిట్టెం ఈ దారిలోనే సిమెంటులోకి వెళుతోంది.

కల్తీ అనే మాటకు జవాబు ప్రమాణాల్లోనే ఉంది. కల్తీ దాచి కలిపేది. ఇది బస్తా మీద అచ్చువేసి, భారతీయ ప్రమాణం ప్రకారం 15 నుంచి 35 శాతం మధ్య కలిపేది. చిట్టెం అయితే 70 శాతం దాకా ఒప్పుకున్నారు. చవకైన బూడిద కలిపి ధర మాత్రం తగ్గించరన్న కోపం న్యాయమైనదే, కానీ అది ధర మీద పోట్లాట, బలం మీద కాదు. అంతకంటే గట్టి అభ్యంతరం వేగం గురించి. 53 గ్రేడు ఓపీసీ, అంటే ఏమీ కలపని మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు, వారంలో చూపే బలాన్ని పీపీసీ అంత త్వరగా చూపదు. నిజమే, అందుకే సెంట్రింగ్ తొందరపడి విప్పితే చిక్కు. కానీ ఆ సిమెంటు నెల దాటాక కూడా బలపడుతూనే ఉంటుంది, నీటినీ ఉప్పునూ లోపలికి అంత తేలిగ్గా రానివ్వదు. సున్నం తగ్గితే లోపలి ఇనుముకు రక్షణ తగ్గుతుందని ఇంజనీర్లు చెప్పేదాన్ని కూడా కొట్టిపారేయకూడదు. దానికి మందు దట్టమైన కాంక్రీటు, ఊచకు చాలినంత కవర్. బూడిదలన్నీ ఒకటి కావన్నది చివరి అభ్యంతరం, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. పొగలోంచి పొడిగా పట్టిన సన్నటి బూడిద వేరు, థర్మల్ కేంద్రపు చెరువులో నానిన ముతక బూడిద వేరు. సుర్కీ కోసం ఇటుకను ఏరిన మేస్త్రీ జాగ్రత్త ఇక్కడా కావాలి.

రామగుండంలో, ఇబ్రహీంపట్నంలో బూడిద చెరువుల పక్కన బతికేవారికి ఇది ఒట్టి పుస్తకాల చర్చ కాదు. ఎండాకాలం గాలికి లేచే ధూళి వాళ్ల అన్నంలో పడుతుంది. బూడిదను వాడి తీరాలని కేంద్రం 1999లో ఉత్తర్వు ఇచ్చేదాకా గుట్టలు పెరుగుతూనే వచ్చాయి. విశాఖపట్నంలో భానుమతిదాస్, కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ అవసరం లేని ఫాల్-జి ఇటుకను తయారుచేసి, చిన్న యూనిట్లకు నేర్పారు. నాడు ఇటుకను దంచి సున్నంలో కలిపారు, వీళ్లు బూడిదకు సున్నం కలిపి ఇటుక చేశారు. ఆ ఇటుకకు పొలాల పైమట్టి తవ్వనక్కర్లేదు.

బొగ్గు కేంద్రాలు ఎప్పటికైనా తగ్గుతాయి, అప్పుడు బూడిద ఎక్కడిదని అడిగేవారున్నారు. దానికీ దారి పడింది. సుమారు 800 డిగ్రీల దగ్గర కాల్చిన బంకమట్టిని, సున్నపురాయి పొడిని కలిపిన సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణం వచ్చింది. 1,450 డిగ్రీల కొలిమిలో తయారయ్యే క్లింకరు, అంటే సిమెంటుకు మూలమైన గడ్డ, ఆ మేరకు తగ్గుతుంది. కాల్చిన మట్టి అంటే మళ్లీ సుర్కీయే. ఈ సిమెంటులన్నిటికీ తడి కావాలి. మామూలు ఓపీసీకి కనీసం 7 రోజులు నీళ్లు పెట్టాలంటే బూడిద, చిట్టెం కలిసినవాటికి 10 రోజులని, ఎండ తీవ్రంగా ఉంటే 14 రోజులని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. మన ఊళ్లలో మూడో రోజుకే గోనెసంచులు ఎండిపోతాయి. పీపీసీతో స్లాబు వేయించుకుంటున్నవారు సిమెంటును అనుమానించే ముందు ఆ పద్నాలుగు రోజులు తడి ఆరకుండా చూసుకోండి.