గ్రావెల్ గోతుల్లో వేల ఏళ్ల సేద్యం

ఇంగ్లండ్‌లోని థేమ్స్ నదీ లోయలో గ్రావెల్ కోసం నేలను చెక్కిన అనేక చోట్ల పురాతన రైతుల జాడలు వెలుగు చూశాయి. రోడ్లకు, వంతెనలకు, భవనాలకు కావలసిన రాళ్ల కోసం యంత్రాలు పైమట్టిని తొలగించగానే, దాని కింద చరిత్ర పూర్వయుగపు పొలాల గట్లు, ధాన్యపు పాతరలు, పశువుల దారులు, రోమన్ల కాలం నాటి గడ్డిబీళ్ల ఆనవాళ్లు బయటపడ్డాయి. బ్రిటన్‌లో వ్యవసాయ చరిత్రకు సంబంధించి నేడు తెలిసిన విషయాలలో గణనీయమైన భాగం ఈ క్వారీల పుణ్యమే. అయితే ఆ ఆనవాళ్లను బయటపెట్టిన యంత్రమే వాటిని శాశ్వతంగా తుడిచివేసింది కూడా.

మన ప్రాంతంలో గ్రావెల్ అనగానే ఎర్రమట్టి గుట్టలు, వాటిని తవ్వి తరలించే టిప్పర్లు గుర్తుకు వస్తాయి. థేమ్స్ లోయలోని గ్రావెల్ వేరు. మంచుయుగాలలో ఉధృతంగా ప్రవహించిన నది మోసుకొచ్చి మెట్లుమెట్లుగా పరిచిన గులకరాళ్లు, ఇసుక కలిసిన పొరలవి. నది క్రమంగా లోతుకు కోసుకుపోగా పాత ప్రవాహతలాలు ఒడ్డున ఎత్తుగా మిగిలిపోయాయి.

రైతుకూ క్వారీకీ ఒకే నేల

ఈ ఎత్తయిన గ్రావెల్ నేలలో నీరు నిలవదు. మట్టి తేలిక. కర్రతో చేసిన నాగలికి కూడా సులువుగా లొంగుతుంది. పక్కనే నది, పల్లపు భూములలో పచ్చిక, తవ్వితే కొద్ది లోతులోనే నీరు. ఇన్ని అనుకూలతలు ఉన్నందున క్రీ.పూ. 4000 ప్రాంతంలో బ్రిటన్‌కు వ్యవసాయం చేరిన నాటి నుంచి జనం ఈ మెట్లను వదలలేదు. ఒక తరం ఇళ్ల పక్కన మరో తరం ఇళ్లు, పాత సమాధుల చుట్టూ కొత్త పొలాలు వెలిశాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కాంక్రీటుకు గిరాకీ పెరిగి క్వారీలు విస్తరించినప్పుడు గుత్తేదార్ల కన్ను పడింది సరిగ్గా ఈ నేలల మీదే. రైతును రప్పించిన గులకరాళ్లే క్వారీనీ రప్పించాయి.

పైరు చెప్పిన రహస్యం

తవ్వకాలకు ముందే ఈ జాడలను ఆకాశం నుంచి పసిగట్టిన వారున్నారు. మేజర్ జి.డబ్ల్యు.జి. అలెన్ 1930లలో సొంత విమానంలో ఆక్స్‌ఫర్డ్ పరిసరాలపై తిరుగుతూ వందలాది ఛాయాచిత్రాలు తీశారు. అవి నేటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో కనిపించే గుండ్రని, చతురస్రాకారపు గీతలు ఎవరూ గీసినవి కావు. పూర్వం తవ్విన కందకం కాలక్రమంలో మెత్తటి మట్టితో పూడిపోతుంది. చుట్టూ ఉన్న రాతినేల కన్నా అక్కడ తేమ ఎక్కువ. వర్షాభావ సంవత్సరాలలో మిగతా చేను పసుపుబారినా కందకంపై పైరు మాత్రం పచ్చగా, ఏపుగా నిలుస్తుంది. పూడ్చిన బావి మీద జొన్న ఒత్తుగా ఎదగడం ఎరిగిన రైతుకు ఇది వింతగా తోచదు. 2018 నాటి వేసవి ఎండలలోనూ బ్రిటన్ పొలాలలో ఇటువంటి గీతలు విరివిగా కనిపించాయి.

క్వారీల వేగం చూసి కలవరపడిన ప్రభుత్వ చారిత్రక కట్టడాల కమిషన్ 1960లో నదీ తీరపు గ్రావెల్ నేలలపై ఒక నివేదిక ప్రచురించింది. ఏయే స్థలాలకు ముప్పు పొంచి ఉన్నదో అందులో వివరించింది. ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో తవ్వకాల కోసమే 1973లో ఒక ప్రత్యేక పురావస్తు విభాగం ఏర్పాటైంది.

పాతరల పల్లె

ఆక్స్‌ఫర్డ్‌కు పడమరగా స్టాంటన్ హార్‌కోర్ట్ అనే గ్రామం ఉంది. దాని సమీపంలోని 'గ్రావెల్లీ గై' అనే చోట క్వారీకి ముందుగా 1980లలో జరిగిన తవ్వకాలలో ఇనుపయుగపు పల్లె ఒకటి బయటపడింది. రోమన్లు రాకముందు కొన్ని శతాబ్దాల పాటు అక్కడ జనం నివసించారు. నేలలో వందలాది గుంతలు కనిపించాయి. గుండ్రంగా, నిటారు గోడలతో తవ్విన ఆ గుంతలలో అధికభాగం ధాన్యపు పాతరలు.

రాయలసీమలో, తెలంగాణలో జొన్నలను పాతరలో పోసి, పైన గడ్డి పరచి, మట్టితో మెత్తి నెలల తరబడి నిల్వ చేసిన రోజులు పెద్దలకు జ్ఞాపకమే. బ్రిటన్ పాతరల సూత్రమూ అదే. మూత గట్టిగా బిగిస్తే గోడలను అంటుకుని ఉన్న గింజలు తడికి కొద్దిగా మొలకెత్తి లోపలి ప్రాణవాయువును వాడేసుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. ఆపై పురుగూ పుట్టదు, బూజూ పట్టదు. మధ్యలోని ధాన్యం చెక్కుచెదరదు. ఈ సంగతిని నిరూపించినవాడు పీటర్ రేనాల్డ్స్. హాంప్‌షైర్‌లో 1972లో ప్రారంభమైన బట్సర్ ప్రయోగ క్షేత్రంలో ఆయన పాతకాలపు గోధుమ రకాలను పండించి, పాతరలలో పోసి, శీతాకాలం గడిచాక తీసి చూశారు. ఆ గింజలు విత్తనానికి సైతం పనికివచ్చాయి. అంతకుముందు కొందరు పండితులు ఇటువంటి గుంతలను మనుషులు నివసించిన గోతులుగా భావించారు. మన ఊళ్లలో ఏ రైతును అడిగినా ఆ సందేహం తీరేది.

పాతర పాడయ్యాక దానిని చెత్తతో నింపేవారు. ఆ చెత్తే పరిశోధకుల పాలిటి నిధి అయింది. విరిగిన కుండలు, తిరగలి రాళ్లు, పశువుల ఎముకలు, బూడిదలో కలిసిన మాడిన గింజలు అందులో దొరికాయి. మట్టిని నీటిలో కలిపితే మాడిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని జల్లెడతో పట్టి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. గింజతో పాటు వచ్చే కలుపు విత్తనాలు మరింత విలువైనవి. ఏ కలుపు ఏ నేలలో మొలుస్తుందో, ఏ కారులో వస్తుందో తెలుసు కనుక ఆ పైరు మెరకలో పండిందా, పల్లంలో పండిందా, శరదృతువులో విత్తారా, వసంతంలో విత్తారా అన్నది అంచనా వేయవచ్చు. ఇనుపయుగంలో ఈ లోయలో ప్రధాన పంటలు స్పెల్ట్ అనే పొట్టు గోధుమ, బార్లీ. అంతకుముందు పండించిన ఎమ్మర్ రకం గోధుమ స్థానాన్ని స్పెల్ట్ క్రమంగా ఆక్రమించింది. రెండూ దంచితే తప్ప పొట్టు వీడని రకాలే.

పల్లె అమరికలో ఒక విశేషం ఉంది. ఇళ్లు, పాతరలు ఒక పొడవాటి పట్టీగా సాగాయి. ఒకవైపు సాగు భూములు, మరోవైపు పచ్చికబయలు. ఆ బయలు మధ్యలో 4,500 ఏళ్లు పైబడిన రాతివలయం, దాని చుట్టూ పూర్వుల సమాధి దిబ్బలు. అక్కడ నాగలి పెట్టకుండా ఊళ్లన్నీ ఉమ్మడి మేతభూమిగా అట్టిపెట్టుకున్నాయని పరిశోధకుల అభిప్రాయం. ఊరుమ్మడి బంజరు అనే భావన ఎంత ప్రాచీనమో దీనిని బట్టి ఊహించవచ్చు.

మాడిన రొట్టె

ఆక్స్‌ఫర్డ్‌కు వాయవ్యంగా ఉన్న యార్న్‌టన్‌లో జిల్ హే నాయకత్వంలో 1990లలో విస్తృతంగా తవ్వకాలు సాగాయి. అక్కడ నవీన శిలాయుగపు కర్ర ఇల్లు ఒకటి, ఒక గుంతలో మాడిన రొట్టె ముక్కలు లభించాయి. ఆ ముక్కలు సుమారు 5,500 ఏళ్ల నాటివి. బ్రిటన్‌లో అత్యంత పురాతనమైన రొట్టెగా 1999లో పత్రికలు ప్రముఖంగా ప్రచురించాయి. అయితే ఆ కాలపు గుంతలలో ధాన్యం కన్నా అడవి హేజెల్ కాయల పెంకులే ఎక్కువగా కనిపిస్తాయి. వ్యవసాయం వచ్చినంత మాత్రాన అడవి మీద ఆధారపడడం ఆగిపోలేదు. హద్దులు పెట్టుకున్న పొలాలు ఈ లోయలో విస్తరించింది క్రీ.పూ. 1500 ప్రాంతంలోనే, అంటే తొలి రైతులు వచ్చిన రెండున్నర వేల ఏళ్ల తరువాత.

రోమన్ల కాలంలో గడ్డి

క్రీ.శ. 43లో రోమన్ సైన్యం బ్రిటన్‌ను ఆక్రమించింది. రోమన్లు అనగానే పాలరాతి భవనాలు, రథాలు మనసులో మెదులుతాయి. గ్రావెల్ నేలలు చూపే రోమన్ కాలం చాలావరకు పేడ, గడ్డి, బురదలతో కూడినది. ఫార్మూర్ వద్ద 1970లలో జలాశయం కోసం గ్రావెల్ తవ్వినప్పుడు నది వరదమైదానంలోనే ఇనుపయుగపు మంద కాపరుల గుడిసెల జాడలు కనిపించాయి. శీతాకాలంలో అక్కడ వరద ముంచెత్తేది. వేసవిలో మాత్రమే పశువులను తోలుకొచ్చి ఉండేవారని కందకాల అడుగున తడిమట్టిలో చెడకుండా నిలిచిన విత్తనాలు, పురుగుల రెక్కలు సాక్ష్యమిచ్చాయి. మార్క్ రాబిన్సన్ అనే శాస్త్రవేత్త వాటిని ఒక్కొక్కటిగా గుర్తించారు. పేడపురుగులు అధికంగా ఉంటే ఆ చుట్టుపక్కల మందలు మేసినట్టు లెక్క.

రోమన్ల హయాంలో అదే లోయలో గడ్డి కథ మారింది. గ్లోస్టర్‌షైర్‌లోని క్లేడన్ పైక్ వద్ద 1979, 1983 మధ్య జరిగిన తవ్వకాలలో కోతగడ్డి మైదానాల మొక్కల అవశేషాలు దొరికాయి. అంటే పచ్చికను పశువుల నోటికి వదలకుండా వేసవి వరకు పెంచి, కోసి, ఎండబెట్టి శీతాకాలానికి దాచేవారన్నమాట. ఫార్మూర్‌లో పొడవాటి పిడికి బిగించే రోమన్ గడ్డికోత కత్తి ఒకటి దొరికింది. పట్టణాలు, రహదారులు, సైన్యం పెరిగాక బండ్లు లాగే పశువులకు, గుర్రాలకు మేత అవసరమైంది. మేతను అమ్ముకునే వీలూ ఏర్పడింది.

రోమన్ రైతులు ఇంటి దిబ్బలోని పెంటను చేలకు తోలేవారు. దానితో పాటు పెంకుముక్కలూ వెళ్లాయి. ఊరికి దూరంగా చేలలో పలుచగా, అంచులు అరిగిన పెంకులు కనిపిస్తే అక్కడ ఎరువు వేసి సాగు చేశారని గ్రహిస్తారు. నేలలో పొగగొట్టాలు అమర్చిన ధాన్యపు కొలుములు కూడా ఈ కాలానివే. రేనాల్డ్స్ అటువంటి కొలిమిని కట్టి పరీక్షించగా అది ధాన్యం ఆరబెట్టడం కన్నా మొలకలను వేయించి బీరుకు సిద్ధం చేయడానికే బాగా పనికివచ్చింది.

మకింగ్ పాఠం

థేమ్స్ నది సముద్రాన్ని చేరే వైపు, ఎసెక్స్‌లో మకింగ్ అనే గ్రామం ఉంది. 1959లో తీసిన విమాన ఛాయాచిత్రాలలో అక్కడి చేలపై గీతలు బయటపడ్డాయి. మార్గరెట్ జోన్స్, ఆమె భర్త టామ్ జోన్స్ 1965లో తవ్వకాలు ఆరంభించి 1978 వరకు, చలికాలంలోనూ విరామం లేకుండా సాగించారు. వెనుక క్వారీ యంత్రాలు, ముందు వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు. సుమారు 18 హెక్టార్లలో 44 వేల దాకా గుంతలు, కందకాలు, స్తంభాల గుర్తులు నమోదయ్యాయి. కంచుయుగపు వలయాకార కందకాలు, ఇనుపయుగపు గుండ్రని ఇళ్లు, రోమన్ కాలపు పొలాలు, కుండల ఆవములు, ఆ తరువాత వచ్చిన సాక్సన్ల పల్లె, అన్నీ ఒకే చోట.

తవ్వడం ఒక ఎత్తు, రాయడం మరో ఎత్తు. సాక్సన్ పల్లె వివరాలు 1993లో, శ్మశానాల వివరాలు 2009లో, చరిత్ర పూర్వయుగపు సంపుటం 2015లో, రోమన్ కాలపు సంపుటం 2016లో వెలువడ్డాయి. మార్గరెట్ జోన్స్ 2001లోనే కన్నుమూశారు. తవ్విన నేల లేనేలేదు కనుక ఈ పుస్తకాలు, మ్యూజియం పెట్టెలలోని కాగితాలే ఇప్పుడు మకింగ్.

ఖర్చు ఎవరు భరించాలి

తొలి దశాబ్దాలలో క్వారీ యజమాని దయ, ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి నిధులే ఆధారం. 1990 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాలతో పరిస్థితి మారింది. నేల తవ్వడానికి అనుమతి కోరేవారే ముందుగా పురావస్తు పరిశీలన చేయించి, అవసరమైతే తవ్వకాల ఖర్చు భరించాలి. 2002 ఏప్రిల్ నుంచి టన్ను గ్రావెల్‌పై 1.60 పౌండ్ల పన్ను విధించారు. ఆ రాబడిలో కొంత 2011 వరకు క్వారీ ప్రాంతాల పర్యావరణానికి, పురావస్తు అధ్యయనానికి వెచ్చించారు. ఆ నిధి తరువాత ఆగిపోయింది. పన్ను మాత్రం కొనసాగింది.

డబ్బుతో తీరని చిక్కు ఒకటి ఉంది. గోతిలోని నీటిని పంపులతో తోడినప్పుడు చుట్టుపక్కల భూగర్భ జలమట్టం కూడా పడిపోతుంది. వేల ఏళ్లుగా తడిలో భద్రంగా ఉన్న కర్రలు, విత్తనాలు, పురుగుల రెక్కలు క్వారీ హద్దుకు అవతల కూడా ఎండి కుళ్లిపోతాయి. వాటిని ఎవరూ తవ్వరు, లెక్కించరు.

ముంపునకు ముందు హడావుడిగా తవ్వి వివరాలు భద్రపరిచిన అనుభవం తెలుగునేలకూ ఉంది. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగే ముందు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగాయి. పశుపోషకుల జాడల విషయానికి వస్తే, నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులోని బూదిదిబ్బను బ్రిటిష్ పురావస్తువేత్త రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వి, అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డిలో పేడ కాలి ఏర్పడిందని తేల్చారు. అక్కడ గిట్టల ముద్రలు సైతం లభించాయి.

స్టాంటన్ హార్‌కోర్ట్ రాతివలయాన్ని 'డెవిల్స్ క్వాయిట్స్' అంటారు. 1940లో యుద్ధ విమానాశ్రయం కోసం దానిని చదును చేశారు. ఆపై క్వారీలు చుట్టుముట్టాయి. గ్రావెల్ అయిపోయాక గోతులలో కొన్ని చెరువులుగా మారగా, మరికొన్నింటిని నగరపు చెత్తతో నింపారు. 2002లో పునరుద్ధరణ చేపట్టి, పడిపోయిన రాళ్లను లేపి, లేనిచోట కొత్తవి నాటి 2008 నాటికి పూర్తిచేశారు. చెత్త దిబ్బకూ చెరువుకూ నడుమ ఆ వలయం మళ్లీ నిలబడింది. పూర్వం దాని చుట్టూ మందలు మేసిన ఉమ్మడి పచ్చికబయలు మాత్రం గ్రావెల్‌తో పాటు లారీలలో వెళ్లిపోయింది.